జానెడు నీది, జానెడు నాది

మా ఇంటి పైన రెండు గదులు, వాటి మధ్య ఒక వంటగది ఉన్నాయి. ఇల్లరికం వచ్చే అల్లుడి కోసమని అమ్మ పట్టుబట్టి కట్టించింది. అల్లుడు రాలేదు. నా నోటి సంగతి విని సంబంధాలవాళ్లు మెట్లు కూడా ఎక్కకుండా తిరిగిపోయారని అమ్మ ఇప్పటికీ అంటుంది. నిజమే కావచ్చు, నాకేం బాధ లేదు. ఆ గదులు కిరాయికిచ్చాం. మాది చౌటుప్పల్ దగ్గరి నేతగాళ్ల ఊరు. కింద బాపు మగ్గం చప్పుడు, పైన మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్ల రాకపోకలు. నేనూ అట్లాంటి ఒక కంపెనీ ఆఫీసులోనే పనిచేస్తాను.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, హైవే పక్కన ఉన్న కాలేజీలో చదువుకోవడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు మా పైగదిలో దిగాడు. ఆరడుగుల మీద ఇంకో జానెడు ఉంటాడు. మెట్ల మీది సజ్జ తలకు కొట్టుకోకుండా ఎక్కడం నేర్వడానికి అతనికి వారం పట్టింది. అతని పేరు అమ్మ నోరు తిరగలేదు. రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు "పెద్దోడా" అని పిలిచేసింది. పెద్దోడు ముసల్మాను. శుక్రవారం తెల్లటి పొడుగు అంగీ వేసుకుని మసీదుకు పోయేవాడు, వచ్చేటప్పుడు అమ్మకు అరటిపండ్లు తెచ్చేవాడు.

నెల తిరక్కుండానే రెండో గదికి ఇంకొకడు వచ్చాడు. పొట్టి మనిషి, ముఖం నిండా నవ్వు. అదే దేశం, అడిగితే అదే ఊరు. ఇతను క్రైస్తవుడు. ఆదివారం ఇస్త్రీ చొక్కాతో చౌటుప్పల్ చర్చికి పోయి పాటలు పాడి వచ్చేవాడు. అమ్మ ఇతన్ని "చిన్నోడా" అన్నది. తర్వాత తెలిసింది, చిన్నోడు పెద్దోడికంటే రెండేళ్లు పెద్ద. అప్పటికే వీధి మొత్తానికి ఆ పేర్లు అలవాటైపోయాయి, ఇక మార్చడం ఎవరి వల్లా కాలేదు.

ఒకే ఊరివాళ్లని తెలిసి అమ్మ పొంగిపోయింది. మా మేనమామలు భీవండిలో నేత పనికి పోయినప్పుడు మన ఊరివాడు కనపడితే చాలు, కులం కూడా అడక్కుండా ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టేవారట. ఆ లెక్కనే అమ్మ ఇద్దర్నీ మెట్ల కింద ఎదురెదురుగా నిలబెట్టి, ఒక్క ఊరోళ్లే దొరికిండ్రు, ఇక మీకు ఫికర్ లేదు అని చెప్పింది. ఇద్దరి ముఖాలూ ఒకేసారి ముడుచుకుపోయాయి. ఏదో ఒకటి తప్పు జరిగిందని నాకు తెలిసింది, అమ్మకు తెలియలేదు. నవ్వుతూనే చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

మర్నాటికి పైన వంటగదిలో రెండు పొయ్యిలు వెలిశాయి. మధ్యలో గచ్చు మీద సుద్దతో గీత. బట్టలారేసే తాళ్లు కూడా రెండు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడేవారు కాదు, మాట్లాడాల్సి వస్తే నన్ను పిలిచేవారు. నల్లా కట్టేయమని పెద్దోడు నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను పక్కనే ఉన్న చిన్నోడికి అదే మాట ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. కట్టేశానని చెప్పమని అతను ఇంగ్లీషులో నాకు చెప్పేవాడు. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసిన మనిషి మా జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాక ఈ కొలువేంటని చిరాకు పడి, ఒకరోజు ఇద్దరికీ నా ఇష్టం వచ్చిన మాటలు మార్చి చెప్పాను. ఇద్దరూ నా ముఖం వంక చూశారు కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వాళ్ల ఊరి సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఊరి మధ్యలోంచి ఏరు, ఏటి మీద వంతెన. ఒక పక్క మసీదులు, ఇంకో పక్క చర్చీలు, వంతెన దగ్గర పెద్ద బజారు. ఆ బజారు రెండుసార్లు తగలబడింది. ఒకసారి పెద్దోడి అన్న బజారుకు పోయి తిరిగి రాలేదు. ఇంకోసారి చిన్నోడి నాన్న బట్టల దుకాణం బూడిదైంది, ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఒకరి మంట ఇంకొకరు వంతెన అవతలి నుంచి చూసినవాళ్లే. ఇది విన్నాక నేను వాళ్ల మాటలు మార్చి చెప్పడం మానేశాను.

మా వీధివాళ్లకు అప్పుడే రాష్ట్రం వచ్చిన ఊపు. మాలెక్క విడిపోతే అయిపాయె కదా అని అరుగు మీద కూర్చున్న పెద్దలు ఇద్దరికీ సలహా ఇచ్చారు. గీత ఎక్కడ గీయాలని అడిగితే ఇద్దరూ చెరోవైపు చూస్తూ ఒకే మాట అన్నారు. బజారు మధ్యలోంచి గీయాలట, మరి బజారు లేకపోతే రెండు పక్కలా ఎవరికీ తిండి లేదట. పెద్దలు మాట మార్చి బతుకమ్మ చీరల గురించి మాట్లాడుకున్నారు.

ఆ ఏడు బతుకమ్మ, దసరా, పీర్ల పండుగ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పీర్లంటే మొహర్రంలో నిలబెట్టే వెండి, ఇత్తడి హస్తాలు. వాటికి కట్టే బట్ట దట్టీ. మా ఊళ్లో సాయెబుల ఇండ్లు నాలుగే, పండుగ మాత్రం ఊరందరిదీ. పెద్ద పీరుకు మొదటి దట్టీ మా ఇంటి నుంచే పోవాలి. మా ముత్తాత కాలంలో గత్తర, అంటే కలరా, వచ్చి ఇంట్లో ఆయన, ఒక్క పిల్లవాడు తప్ప అందరూ పోతే, వాడు బతికితే ఏటా మా చేతి బట్ట కడతామని ముత్తాత మొక్కాడట. ఆ పిల్లవాడే మా తాత. ఆ దట్టీకి ఒక కట్టడి ఉంది. మా పొయ్యి మీద వండింది తినేవాళ్ల చెయ్యే దాన్ని నెయ్యాలి. ముత్తాత నేశాడు, తాత నేశాడు, తర్వాత బాపు నేశాడు, ఒక్క ఏడు తప్పలేదు.

పండుగ ఇరవై రోజులుందనగా బాపు చౌటుప్పల్ దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. కుడి భుజం ఎముక విరిగింది. నల్గొండ దవాఖానలో కట్టు కట్టి మూడు నెలలు మగ్గం ముట్టొద్దన్నారు. అప్పటికి మగ్గం మీద ఆకుపచ్చ పడుగు దారాలు ఎక్కించి, దట్టీ ఒక జానెడు నేసి ఉన్నాడు. ఆ జానెడు బట్ట వంక చూస్తూ మంచం మీద కూర్చునేవాడు. ఒకరోజు అన్నం కలుపుతున్న అమ్మతో, నాతోనే తెగిపోయేటట్టున్నది అన్నాడు. అంతే, అమ్మ ముద్ద కలపడం ఆపేసింది. బాపు అట్లా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు, నాకు భయం వేసింది.

వీధిలో ఏ ఇంటికి పోయి అడిగినా కాదనకుండా నేసిచ్చేవారు. కట్టడి ఒప్పుకోదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మగ్గం గుంటలో దిగి కూర్చోలేదు. మిగిలింది నేను. పదిహేనేళ్లప్పుడు మగ్గం మీద కూర్చోనని రెండు రోజులు అన్నం మానేసి గెలిచిన దాన్ని. ఆ ఆదివారం నోరు మూసుకుని గుంటలో దిగాను. నాలుగు గంటలు కూర్చుని జానెడు నేశాను. అంచు వంకరటింకర, మధ్యలో పోగులు వదులు. బాపు వచ్చి చూశాడు. ఏమీ అనకుండా ఎడమ చేత్తో ఒక్కొక్క పోగే తీసి, నేను నేసిందంతా విప్పేశాడు. నేను స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పి కోపంతో ఏడ్చాను. తిట్టినా బాగుండేది.

నేను బయటికి వచ్చేసరికి పెద్దోడు మగ్గం దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. మోటరు వెయ్యమని చెప్పడానికి దిగి, జరిగిందంతా చూశాడట. తన తాత కూడా నేతగాడేనని చెప్పాడు. నాలుగు వేళ్ల వెడల్పు బట్ట నేసి, ఆ పట్టీలన్నీ పక్కపక్కన కుట్టి అంగీలు చేసేవాడట, తాను పన్నెండేళ్లదాకా ఆ పక్కనే కూర్చుని నేశాడట. మెట్ల మీద నుంచి చిన్నోడి గొంతు వినపడింది. నాలుగు వేళ్లుంటే అది నడుముకు కట్టే పట్టా, బట్ట కాదని అతనికి చెప్పమని నాతో అన్నాడు. చిన్నోడి అమ్మ గోడకు నిలువుగా ఆనించిన మగ్గం మీద నేసేదట. నేత ఆడవాళ్ల పని అని చెప్పమన్నాడు. మగవాళ్ల పని అని చెప్పమన్నాడు పెద్దోడు. నేను ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. మూడోసారికి నేను నోరు తెరిచేలోపే ఇద్దరూ నేరుగా వాదించుకుంటున్నారు. మగ్గం నిలువుగా ఉండాలా అడ్డంగా ఉండాలా అని అరగంట కొట్లాడారు. ఆరు నెలల్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాటలు అవే. నేను పోయి చాయ్ తాగాను.

అమ్మ ఆ వాదన వింటూ చేట పక్కన పెట్టింది. ఆమె బుర్రలో ఏం తిరుగుతున్నదో నాకు అర్థమైంది. పై పొయ్యిలు రెండూ ఆర్పేసి పండుగ దాకా ఇద్దరూ కిందనే తింటే, మా పొయ్యి మీద తినేవాళ్లే కదా అని బాపుతో అన్నది. బాపు కట్టడి మాటలు ఒక్కొక్కటే పైకి చెప్పుకుని చూశాడు. కట్టడిలో పుట్టినవాళ్లని లేదు, తినేవాళ్లనే ఉన్నదని చివరికి ఒప్పుకున్నాడు.

చిక్కు ఇంకోవైపు నుంచి వచ్చింది. దట్టీ దేనికో తెలిశాక పెద్దోడు తల అడ్డంగా ఊపాడు. మీ పండుగే కద బిడ్డా అని అమ్మ నచ్చచెప్పింది. తమ దగ్గర ఆ రోజు ఉపవాసం ఉంటారని, హస్తాలకు బట్ట కట్టి మొక్కడం తమ దారి కాదని అతను మర్యాదగా చెప్పాడు. మీ ఊళ్లె నీకు సరిగ్గ నేర్పలేదు అని అమ్మ తేల్చేసింది. చిన్నోడు ముందుకొచ్చి, పెద్దోడు చెప్పింది నిజమేనని, తమ దారిలో కూడా అది తప్పేనని అన్నాడు.

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇన్నొద్దులు మాట్లాడుకోనోళ్లు, నా మొక్కు కాడనే ఒక్కటైండ్రా?"

ఆ రోజు ఇద్దరూ పైకి పోయి సుద్దగీతకు చెరోవైపు కూర్చుని చర్చ మొదలుపెట్టారు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను, వినడం నా హక్కు, అన్నాళ్లు ఊరికే పనిచేశాను. నెయ్యడం పాపమా, కట్టడం పాపమా, తెలిసి నెయ్యడం పాపమా. ఎవరి గ్రంథం నుంచి వాళ్లు చెప్పుకున్నారు. పొద్దుగూకే వేళకు ఇద్దరూ దిగి వచ్చారు. తీర్పు చిన్నోడు చెప్పాడు, అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే.

"బట్ట బాపుకు నేస్తం. బాపు దాన్ని ఏం చేస్తడో బాపు ఇష్టం."

పెద్దోడు ఒక షరతు కలిపాడు. పీర్లను నిలబెట్టే కొట్టంలోకి ఇద్దరూ అడుగు పెట్టరు. బాపు సరేనన్నాడు.

మర్నాటి నుంచి మా ఇంట్లో మూడు కంచాలు కాస్తా ఐదయ్యాయి. పెద్దోడు ఇద్దరి తిండి తినేవాడు కాబట్టి ఆరనుకోవాలి. మొదటి రోజు ఇద్దరూ రెండు మూలల్లో గోడకు ముఖం పెట్టి తిన్నారు. పచ్చిపులుసు గిన్నె ఒక్కటే, అది మధ్యలో ఉంది. రెండో రోజుకు ఆ గిన్నె కోసం జరగక తప్పలేదు. మూడో రోజు పెద్దోడు ఉల్లిగడ్డలన్నీ ఏరుకుంటున్నాడని చిన్నోడు అమ్మకు ఫిర్యాదు చేశాడు. నాలుగో రోజు మిరపకాయల కారం ఏటికి తమ పక్కనే ఎక్కువని పందెం వేసుకుని, మా మిరపకాయలు కొరికి ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. అమ్మ ఆ పది రోజులూ పడుచుపిల్లలాగా వంటింట్లో తిరిగింది. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు.

కాలేజీకి దసరా సెలవులు కాబట్టి ఇద్దరూ పగలంతా మగ్గం దగ్గరే. బాపు మంచం మగ్గం పక్కకు జరిపించుకుని, ఎడమ చేత్తో చూపిస్తూ నేర్పాడు. మూడు రోజులు వేరే నూలు మీద చెయ్యి తిప్పించి, నాలుగో రోజు ఆకుపచ్చ పడుగు ముట్టనిచ్చాడు. ఇద్దరికీ చేతుల్లో పాత పని ఉంది, అది త్వరగానే లేచి వచ్చింది. నాకు రానిది వాళ్లకు రావడం చూస్తే ఒళ్లు మండింది, ఆ సంగతి దాచుకోను. గుంటలో ఒక్కరే పడతారు కాబట్టి ఒప్పందం చేసుకున్నారు. జానెడు ఒకడు నెయ్యాలి, తర్వాత జానెడు ఇంకొకడు. పెద్దోడు పోగును బిగించే పలకను గట్టిగా కొట్టేవాడు, అతని బట్ట అట్టలాగా బిగిసి ఉండేది. చిన్నోడు పాట పాడుతూ మెల్లగా కొట్టేవాడు, అతనిది మెత్తగా వచ్చేది.

దట్టీకి ఐదు మూరలు చాలు. ఐదు మూరలు దగ్గరపడిన రోజు మధ్యాహ్నం బాపు నొప్పి మందు మత్తులో నిద్రపోయాడు, అమ్మ పక్కింటికి పోయింది. అప్పుడు చిన్నోడికి ఒక అనుమానం వచ్చింది. జానెడంటే ఎవరి జానెడు? ఇన్ని రోజులూ ఎవరి చేత్తో వాళ్లు కొలుచుకున్నారు. పెద్దోడి చెయ్యి తాటాకంత. అంటే ప్రతిసారీ మూడు వేళ్లు ఎక్కువ నేశాడన్నమాట. ఆ తేడా మొత్తం కలిపి తను నెయ్యాలని చిన్నోడు గుంటలో దిగాడు. నేస్తూ నేస్తూ లెక్క దాటేశాడని పెద్దోడు అతన్ని లేపి తను దిగాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెమటలు కక్కుతూ, దారపు ముక్కతో కొలుస్తూ, దేవుడి మీద ఒట్లు పెట్టుకుంటున్నారు. బట్ట తొమ్మిది మూరలైంది.

బాపు మంచం మీద లేచి కూర్చుని ఆ బట్ట వంక, వాళ్ల వంక చూశాడు. ఇప్పుడు మొత్తం విప్పేస్తాడనుకున్నాను. బాపు నవ్వడం మొదలుపెట్టాడు. భుజం కదిలి నొప్పి పుడుతుంటే, ఎడమ చేత్తో భుజం పట్టుకుని మరీ నవ్వాడు. పడ్డ రోజు తర్వాత ఆయన నవ్వు వినడం అదే మొదలు. ఏం తప్పు చేశారో తెలియక వాళ్లిద్దరూ కూడా నవ్వారు. ఐదు మూరల దగ్గర కోసి, మిగిలిన నాలుగు మూరలూ సరిగ్గా రెండు తువ్వాళ్లు చేసి చెరొకటి ఇచ్చాడు. కోసేటప్పుడు ఇద్దరూ దగ్గరుండి కొలిపించారు.

పండుగ పొద్దున డప్పుల చప్పుడు వినపడుతుండగా దట్టీ తీసుకుని బయల్దేరాం. పెద్దోడు ఉపవాసం ఉన్నాడు, అయినా పండుగకు పంచే తీపి మలీద పళ్లెం మోస్తానన్నాడు. కొట్టం ముందు, గుమ్మానికి పది అడుగుల దూరంలో ఇద్దరూ ఆగిపోయారు. బాపు, అమ్మ లోపలికి పోయారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

పీర్లను చూసుకునే ముజావరు తాతకు కండ్లు సరిగా ఆనవు. ఏటా బాపు తెచ్చిన దట్టీని రెండు వేళ్ల మధ్య పెట్టి అంచు పొడుగునా జరుపుతాడు, బాపు చెయ్యి అని ఒప్పుకున్నాకే కడతాడు. ఆ రోజు కూడా వేళ్లు పెట్టాడు. మొదటి జానెడు మీద తల ఊపాడు. తర్వాత వేళ్లు ఆగాయి, మళ్లీ కదిలాయి, మళ్లీ ఆగాయి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా చూస్తున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదటి జానెడు నీది. ఎన్కదాంట్ల రెండు చేతులున్నయి. ఒకటి గట్టిగ, ఒకటి మెత్తగ. ఎవలవి?"

"మా పొయ్యి మీద తినేటోళ్లయే," అన్నాడు బాపు.

"నీకు ఒక్కతే బిడ్డ గద."

బాపు గుమ్మం బయటికి చూశాడు.

"ఇద్దరు కొడుకులు గూడ ఉన్నరు. ఇద్దరికి పడదు."

ముజావరు తాత పండ్లు లేని నోటితో నవ్వాడు.

"అన్నదమ్ములన్నంక ఎట్ల పడ్తది," అని దట్టీ తీసుకుని పెద్ద పీరుకు కట్టేశాడు.

నేను బయటికి వచ్చి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరికీ కలిపి ఒక్కసారే చెప్పాను. పెద్దోడు పళ్లెం మీద గుడ్డ మళ్లీ మళ్లీ సర్దాడు. చిన్నోడు కండ్లు తుడుచుకుని, అయితే పెద్దకొడుకు తానేనని, వయసు లెక్కన అది తేల్చమని బాపుతో చెప్పమన్నాడు. నువ్వే పోయి చెప్పుకో, నా కొలువు అయిపోయింది అన్నాను.

చదువు అయిపోయేదాకా వాళ్లు కిందనే తిన్నారు. శుక్రవారం, ఆదివారం దేవుడి గురించి వాదించుకునేవారు, మిగతా రోజులు ఉల్లిగడ్డల గురించి. తర్వాత వాళ్ల ఊరికి పోయారు, ఒకరు వంతెన ఈ పక్కకు, ఒకరు ఆ పక్కకు. బాపు భుజం మళ్లీ మునుపటిలా కాలేదు. ఇప్పుడు దట్టీ నేనే నేస్తున్నాను. నా అంచు ఇంకా వంకరే, బాపు విప్పడం మాత్రం మానేశాడు.

పోయిన ఏడు వాళ్ల ఊరి బజారు మూడోసారి తగలబడింది. ఇద్దరి ఫోన్లూ పలకలేదు. మూడు రోజులు అమ్మ వండింది కానీ తినలేదు. బాపు మగ్గం పక్కన ఊరికే కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున చిన్నోడి నుంచి ఒక ఫోటో వచ్చింది. పొయ్యి మీద పెద్ద గిన్నె, దాన్ని దించడానికి పట్టుకున్న ఆకుపచ్చ తువ్వాలు. ఫోటో కింద రాశాడు, పెద్దోడు, అతని భార్య, అతని తల్లి మూడు రోజులుగా తన ఇంట్లోనే ఉన్నారని. అమ్మకు చెప్పు, ఒకే పొయ్యి అని.

చదివి వినిపించాను. బాపు ఫోన్ తీసుకుని తువ్వాలు మీద వేలు పెట్టి చూశాడు, ఎవరి జానెడో తెలుసుకోవడానికన్నట్టు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి అన్నం గిన్నె దించింది.

"ఏం కూర వండిండ్రో అడుగు," అన్నది.